చదరంగంలో పార్శ్వ శకటం – కోట ముట్టడి కథ

చదరంగాన్ని గురించి పాశ్చాత్యులు వ్రాసిన పుస్తకం ఏది తెరచినా 'ఇండియన్ డిఫెన్సు' అనే మాట కనిపిస్తుంది. కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్, ఓల్డ్ ఇండియన్ అని దానికి శాఖోపశాఖలు. చదరంగం భారతదేశంలో పుట్టిన ఆట కనుక గౌరవార్థం ఆ పేరు పెట్టి ఉంటారని చాలామంది విద్యార్థులు భావిస్తారు. నిజం వేరు. ఆ పేరుకు కారణం ఒక మనిషి. ఆయన పేరు మహేశచంద్ర బెనర్జీ. వంగదేశపు పల్లెసీమకు చెందిన బ్రాహ్మణుడు.

1848 ప్రాంతంలో కలకత్తా చదరంగపు క్లబ్బు సభ్యుడొకడు మొఫసిల్ ప్రాంతానికి వెళ్ళినప్పుడు, అంతవరకు ఎవరిచేతా ఓడిపోని ఆటగాడొకడు అక్కడ ఉన్నాడని విన్నాడు. కూర్చుని ఆడి చూచి, తానూ ఓడిపోయాడు. ఆ బ్రాహ్మణుని కలకత్తాకు రప్పించి జాన్ కాక్రేన్ ఎదుట కూర్చోబెట్టారు. కాక్రేన్ (1798-1878) స్కాట్లండు దేశీయుడు, కలకత్తాలో బారిస్టరు. ఇరవై నాలుగేళ్ళ వయస్సులోనే, 1822లో, చదరంగంపై ఒక గ్రంథం ప్రకటించినవాడు. అప్పటి ఆంగ్లేయ ఆటగాళ్ళలో మొదటి వరుసలోనివాడు. బలిదానాలతో, మెరుపుదాడులతో ఆడటం ఆయన పద్ధతి. ఎక్కువ ఆటలు ఆయనే గెలిచినా, ఇద్దరి మధ్య పోటీ ఏళ్ళ తరబడి సాగింది. ఆ ఆటల వ్రాతప్రతులు ఇంగ్లండుకు చేరి అచ్చయినాయి. అందువల్లనే మహేశచంద్రుని ఆట నేటికీ తెలుస్తున్నది.

ఆయన ఆటలో పాశ్చాత్యులకు వింతగా తోచినది ఒక్కటే. ఐరోపాలో ఆట మొదలుపెట్టేవారు రాజు ముందరి బంటును రెండు గళ్ళు నెట్టి, పావులను నడిబల్ల వైపు ఉరికించేవారు. మహేశచంద్రుడు అలా చేయడు. రాజు వైపు గుర్రం ముందున్న బంటును ఒక్క గడి జరుపుతాడు. ఆ ఖాళీలో శకటాన్ని ఒదిగించి పెడతాడు. నడిబల్లను ఎదుటివానికి వదలివేసి, దూరంనుంచి దానిపై గురిపెట్టి కూర్చుంటాడు. ఈ అమరికకు ఇటాలియనులో 'ఫియాంకెట్టో' అని పేరు. పార్శ్వమనే అర్థంగల 'ఫియాంకో' నుంచి వచ్చిన మాట అది. తెలుగులో దీనిని పార్శ్వ శకటం అనవచ్చును.

ఈ అలవాటు ఆయనకు ఎక్కడనుంచి వచ్చింది? దేశీయ చదరంగంనుంచి. ప్రాంతాన్నిబట్టి నియమాలలో కొంత తేడా ఉన్నప్పటికీ, మన పాత ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడ ఒక్క గడే నడిచేది. రెండు గళ్ళు దూకే హక్కు ఐరోపాలో ఏర్పడింది. ఒక్కొక్క గడి చొప్పున బంట్లు నడిచే ఆటలో రెండు సేనలు నడిబల్లలో త్వరగా తలపడవు. శకటాలకు దారులు ఆలస్యంగా తెరచుకుంటాయి. అటువంటప్పుడు గుర్రపు బంటును ఒక గడి జరిపి, మూలకు మూల సాగే పొడవైన బాటమీద శకటాన్ని నిలపడం సహజమైన పద్ధతి. మహేశచంద్రుడు కొత్త నియమాలకు అలవాటు పడినా, చేతికి వచ్చిన పాత నడకను వదలలేదు. ఇండియన్ డిఫెన్సు అనే పేరు 1884 నాటికే వాడుకలో ఉన్నది. ఫిలిప్ సార్జెంటు అనే చరిత్రకారుడు 1934లో ఇంగ్లండు చదరంగ చరిత్ర వ్రాస్తూ, ఈ రక్షణలను ఐరోపావారికి నేర్పినది మహేశచంద్రుడూ, ఆయన వంటి భారతీయులూ అని స్పష్టంగా ఒప్పుకున్నాడు.

ఇక ఎదుటి పక్షం సంగతి. పార్శ్వ శకటం వెనుక కోట కట్టుకొన్న రాజును తెల్లపావులవాడు ఎలా ముట్టడించాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదకడం కూడ ఆ కలకత్తా బల్లమీదనే ఆరంభమయింది.

కథ ముందుకు సాగే ముందు గళ్ళకు పేర్లు చెప్పుకోవాలి. ఆట మొదట్లో ఏ పావు ఏ నిలువు వరుసలో నిలుస్తుందో ఆ వరుసకు ఆ పావు పేరే. రాజుకు దగ్గరగా ఉండే శకటం, గుర్రం, ఏనుగు రాజు వైపువి. మంత్రికి దగ్గరగా ఉండేవి మంత్రి వైపువి. బంటుకు తన వెనుకనున్న పావు పేరు చెల్లుతుంది. ఈ కథంతా రాజు వైపు మూడు వరుసలలో, మరీ ముఖ్యంగా రాజు ఏనుగు వరుసలో జరుగుతుంది.

1855 మే నెలలో జరిగిన ఆటలో కాక్రేనువి తెల్లపావులు. ఆయన మంత్రి బంటును, దాని పక్కనున్న శకటపు బంటును రెండేసి గళ్ళు నడిపాడు. మహేశచంద్రుడు రాజు గుర్రాన్ని బయటికి తెచ్చి, గుర్రపు బంటును ఒక గడి జరిపి, మూడవ ఎత్తులో మంత్రి బంటును రెండు గళ్ళు నెట్టి ఎదుటివాని నడిబల్లను ఢీకొన్నాడు. శకటం పార్శ్వానికి చేరింది. రాజు కోటలోకి వెళ్ళాడు. తెల్లబంట్లు నడిబల్లలో నిలిచినవి. నల్లశకటం వాటిమీద దూరంనుంచి ఒత్తిడి పెట్టింది. పదునాలుగవ ఎత్తుకు తెల్లమంత్రి తన గుర్రపు వరుసలో మూడవ గడికి వచ్చాడు. అక్కడనుంచి ఏటవాలుగా చూస్తే సూటిగా నల్లరాజు కనిపిస్తాడు. మధ్యలో ఉన్నది ఒక్క శకటపు బంటు. కాక్రేను గుర్రం ఒకటి దూకి ఆ బంటును కొట్టివేసింది. నల్లవాడు అప్పటికే ఒక తెల్లశకటాన్ని పట్టి, ఇప్పుడు గుర్రంతో తెల్లమంత్రిమీదకు వెళ్ళాడు. కాక్రేను మంత్రిని కదపలేదు. గుర్రం ఏనుగు వరుసకు దూకింది. గుర్రమూ మంత్రీ ఒకేసారి రాజుకు చెక్ చెప్పినవి. రెండింటినీ ఒక్క ఎత్తుతో ఆపడం అసాధ్యం కనుక రాజు మూలకు జరగాలి. అప్పుడు తెల్లమంత్రి రాజు పక్కన వచ్చి కూర్చుని బలి అవుతాడు. నల్లఏనుగు ఆ మంత్రిని కొట్టక తప్పదు. గుర్రం మళ్ళీ వెనుకకు దూకి చెక్ చెబుతుంది. ఆటకట్టు.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. మూలలో చిక్కిన నల్లరాజుకు పారిపోవడానికి దారి లేకుండా అడ్డు నిలిచినవి మూడూ నల్లవాని పావులే. పక్కన ఏనుగు, ముందు బంటు, ఏటవాలుగా ఆ పార్శ్వ శకటం! రాజును కాయడానికి పెట్టిన కావలివాడే తలుపుకు గొళ్ళెమయ్యాడు.

అంతమాత్రాన మహేశచంద్రుని పద్ధతి లోపమైనదని చెప్పడానికి వీలులేదు. వారిద్దరి మధ్యనే జరిగిన మరొక ఆటలో కాక్రేను రాజు, మంత్రి బంట్లను, వాటికి రెండువైపులా ఉన్న శకటపు బంట్లను, మొత్తం నాలుగింటిని వరుసగా రెండేసి గళ్ళు నడిపి నిలిపాడు. నేడు దీనిని నాలుగు బంట్ల దాడి అంటున్నారు. చూపుకు అది గోడవలె భయంకరంగా ఉంటుంది. మహేశచంద్రుడు మంత్రి వైపు శకటంతో తెల్లగుర్రాన్ని పట్టి నిలిపాడు. కాక్రేను తన రాజు శకటాన్ని మంత్రి ముందుకు తెచ్చి, మంత్రి బంటుకు వెనుకనుంచి ఉన్న ఆధారాన్ని తానే మూసివేశాడు. మరుక్షణం నల్లరాజు బంటు రెండు గళ్ళు దూకి ఆ గోడను బద్దలు కొట్టింది. తరువాత బలిదానాలు, చిక్కులు, నల్లవాడే గెలిచాడు. ఆ బలిదానాలన్నీ నికరమైనవేనా అనేది వేరే ప్రశ్న. కాని, గోడ ఎంత పొడవైతే దానిని కాపాడటం అంత కష్టమనే సంగతి మాత్రం ఆ ఆటతో తేటపడింది.

ఆ తరువాత దాదాపు డెబ్బై ఏళ్ళు ఈ పద్ధతిని ఐరోపాలో గొప్పవారు చాలామంది చిన్నచూపు చూశారు. జర్మనీలో లూయీ పాల్సెన్ వంటివారు 1880 ప్రాంతంలో సిసిలియన్ రక్షణలో పార్శ్వ శకటాన్ని వాడి చూశారు. అయినా, నడిబల్లను బంట్లతో ఆక్రమించడమే శాస్త్రమని డాక్టర్ టారాష్ వంటి ఆచార్యులు చెప్పినంత కాలం అది మూలన పడి ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత రేటీ, నిమ్జోవిచ్, బ్రేయర్, టార్టకోవర్ వంటి యువకులు ఆ సిద్ధాంతాన్ని తలక్రిందులు చేశారు. నడిబల్లను ఆక్రమించనక్కరలేదు, అదుపులో ఉంచితే చాలును అన్నారు. 1922లో వియన్నా వాసి ఎర్న్‌స్ట్ గ్రూన్‌ఫెల్డ్, కలకత్తాలో 1855లో మహేశచంద్రుడు ఆడిన మొదటి మూడు ఎత్తులనే తిరిగి ఆడి, అలేఖిన్ వంటివానిని ఓడించాడు. ఆ రక్షణకు గ్రూన్‌ఫెల్డ్ పేరు స్థిరపడింది. అరవై ఏడు సంవత్సరాల ముందు ఆడినవానికి దక్కినది 'ఇండియన్' అనే ఉమ్మడి పేరు మాత్రమే. ఇది కొంచెం అన్యాయమే. ఆ తరువాత, 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిషు ఛాంపియనుగా నిలిచిన పంజాబు వాసి మీర్ సుల్తాన్ ఖాను కూడ దేశీయ చదరంగంలో పెరిగినవాడే. పార్శ్వ శకటం అంటే ఆయనకూ ఎంతో ఇష్టం.

రక్షణ వ్యాపించిన కొద్దీ దాడి కూడ పదునెక్కాలి గదా. ఆ దాడి ఏ సూత్రం మీద నడుస్తుందో వివరంగా చూడటం అవసరం.

మొదట రక్షణ బలం చూద్దాం. ఖాళీ బల్లమీద శకటం తన మొదటి గడిలో ఉన్నప్పుడు ఏడు గళ్ళను మాత్రమే చూడగలదు. పార్శ్వానికి జరిగితే తొమ్మిది గళ్ళను చూస్తుంది. అందులోనూ మూలనుంచి మూలకు సాగే పొడవైన బాట దాని వశమవుతుంది. రాజు ముందే నిలుస్తుంది కనుక కావలి కూడ కాస్తుంది. ఒక్క ఎత్తుతో రెండు పనులు జరుగుతున్నవి.

లోపం బంట్లలో ఉన్నది. శకటానికి చోటు ఇవ్వడానికి గుర్రపు బంటు ఒక గడి ముందుకు వచ్చింది. ఇప్పుడు కోట ముందున్న శకటపు బంటు, గుర్రపు బంటు, ఏనుగు బంటు ఈ మూడూ తెల్లగళ్ళ మీదనే నిలిచినవి. బల్లను ముందు పెట్టుకుని చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది. వాటి నడుమనున్న నల్లగళ్ళను కాయడానికి ఆ బంట్లకు శక్తి లేదు. బంటు తాను నిలిచిన రంగు గళ్ళనే ఏటవాలుగా కొడుతుంది. ఆ నల్లగళ్ళ భారమంతా పార్శ్వ శకటం ఒక్కదానిమీదనే పడుతుంది. ఆ శకటాన్ని మార్పిడి చేసి బల్లమీదనుంచి తొలగించితే, కోట గోడలో కిటికీలన్నీ తెరచి ఉన్నట్లే.

రెండవ లోపం లెక్కకు సంబంధించినది. నల్లబంట్లు కదలకుండా మొదటి చోటనే ఉన్నవనుకుందాం. తెల్లఏనుగు బంటు వాటిని తాకాలంటే రెండు గళ్ళు ఒకసారి, తరువాత ఒక్కొక్క గడి చొప్పున రెండుసార్లు, మొత్తం మూడు ఎత్తులు నడవాలి. నాలుగవ ఎత్తులో గాని కొట్టలేదు. గుర్రపు బంటు ఒక గడి ముందుకు వచ్చి ఉంటే, రెండు ఎత్తులకే తాకిడి కుదురుతుంది. మూడవ ఎత్తులో కొట్టవచ్చును. అంటే నల్లవాడు తన కోటగోడను తానే ఒక అడుగు ముందుకు జరిపి శత్రువుకు ఒక ఎత్తు కానుకగా ఇచ్చినాడు. తెల్లబంటు కొట్టినా, కొట్టించుకొన్నా దాని వెనుకనున్న వరుస తెరచుకుంటుంది. ఆ వరుస చివర తెల్లఏనుగు మొదటినుంచీ అక్కడే కాచుకొని ఉన్నది. దానిని కదపనవసరం కూడ లేదు. వేటగానికి వల పన్నిన చోటనే మాటు దొరికినట్లయింది.

కాని, రాజు ముందున్న బంట్లను ఇలా పరుగెత్తించేవాడు తన రాజును ఆ వైపున ఉంచరాదు. అందుచేత తెల్లవాడు మంత్రి వైపు కోట కట్టుకుంటాడు. ఒకరి రాజు కుడివైపున, ఒకరి రాజు ఎడమవైపున ఉంటారు. ఇద్దరూ ఎదుటి కోటమీద బంట్లను దూకిస్తారు. ఇది పరుగుపందెం. ఒక్క ఎత్తు ఆలస్యమైతే ఆట పోయినట్లే. పైన లెక్కించిన ఆ ఒక్క ఎత్తు విలువ ఇప్పుడు అర్థమవుతుంది.

దాడి అమరిక ఇది. మంత్రి వైపు శకటాన్ని రాజు వరుసలో మూడవ గడికి తెస్తారు. రాజు శకటపు బంటును ఒకే ఒక్క గడి జరుపుతారు. చూడటానికి మందకొడి ఎత్తే గాని దీనికి మూడు ప్రయోజనాలున్నవి. రాజు బంటుకు దిట్టమైన ఆధారం. నల్లగుర్రం దూకి వచ్చి శకటాన్ని వేధించకుండా అడ్డు. తరువాత గుర్రపు బంటు రెండు గళ్ళు నడవడానికి దన్ను. అటుపైన మంత్రిని తన వరుసలోనే రెండవ గడికి జరుపుతారు. మంత్రీ శకటమూ ఒకే ఏటవాలు బాటమీద, ఒకదాని వెనుక ఒకటి నిలిచి, నల్లరాజు పక్కనున్న నల్లగళ్ళ వైపు గురిపెడతాయి. తరువాత మంత్రి వైపు కోట. అటుపైన ఏనుగు బంటు పరుగు. వీలు చూచి శకటం ముందుకు వెళ్ళి పార్శ్వ శకటానికి ఎదురుగా నిలిచి మార్పిడి కోరుతుంది.

మంత్రి బంటుతో మొదలయ్యే ఆటలలో, కింగ్స్ ఇండియన్ రక్షణకు ఎదురుగా, శకటపు బంటును ఒక గడి జరిపే పద్ధతిని జర్మనీ దేశీయుడు ఫ్రిట్జ్ జేమిష్ (1896-1975) ప్రచారంలోకి తెచ్చాడు. రాజు బంటుతో మొదలయ్యే సిసిలియన్ ఆటలలో ఈ ఆలోచన చేసినవాడు సోవియట్ ఆటగాడు వ్సేవొలోద్ రాజర్. ఆయన 1941లో లెనిన్‌గ్రాడ్ ముట్టడి రోజులలో చిన్నవయస్సులోనే మరణించాడు. 1950-60 మధ్య యుగోస్లావియా ఆటగాళ్ళు దానిని సమగ్రమైన పద్ధతిగా రూపొందించారు. అందువల్ల దానికి 'యుగోస్లావ్ దాడి' అని పేరు వచ్చింది.

సిసిలియన్‌లో ఈ దాడికి గురి అయ్యే రక్షణ పేరు 'డ్రాగన్'. పాశ్చాత్యుల కథలలో నిప్పులు క్రక్కే సర్పాకార మృగం అది. ఆ పేరు పెట్టినవాడు ఫ్యోదర్ దూజ్-ఖోతిమిర్స్కీ అనే రష్యా ఆటగాడు. ఆయనకు నక్షత్రాలను పరిశీలించడం కూడ సరదా. 1901లో కీవ్ నగరంలో ఉన్నప్పుడు, నల్లబంట్లు మంత్రి వరుసనుంచి ఏనుగు వరుసదాకా వంకరగా నిలిచిన తీరు ఉత్తరాకాశంలోని డ్రేకో నక్షత్రరాశిని పోలి ఉన్నదని తోచి ఆ పేరు పెట్టినట్లు ఆయనే చెప్పుకున్నాడు.

ఆ మృగానికి ఎదురు నిలిచిన ఆటలలో అందరూ ముందుగా చెప్పేది 1958లో యుగోస్లావియాలోని పోర్తొరోజ్ పట్టణంలో జరిగినది. ప్రపంచ ఛాంపియనుతో తలపడే అర్హత కోసం పెట్టిన పోటీలలో అదొక మెట్టు. తెల్లపావులతో కూర్చున్నది అమెరికా బాలుడు బాబీ ఫిషర్. వయస్సు పదునైదేళ్ళు. ఎదుట డెన్మార్కు గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్.

పైన చెప్పిన అమరికంతా వరుసగా వచ్చింది. ఫిషర్ రాజు శకటాన్ని నల్లరాజు శకటపు బంటుమీదకు గురిపెట్టి, దానిని తన మంత్రి వైపు కోట దగ్గర సురక్షితంగా నిలిపాడు. లార్సెన్ కూడ బంట్లను నడిపి తెల్లగుర్రాన్ని తరిమాడు. ఆ గుర్రం నడిబల్లలోకి దూకి మార్పిడి అయింది. దానిని కొట్టిన నల్లశకటాన్ని ఫిషర్ తన శకటంతో కొట్టాడు. లార్సెన్ అక్కడ ఆ తెల్లశకటాన్ని గుర్రంతో కొట్టి ఉంటే చిక్కు విడిపోయేదని విశ్లేషకులు తరువాత చూపారు. ఆయన ఏనుగును కదిపాడు. ఫిషర్ వెంటనే శకటాన్ని వెనుకకు తీసి దాచుకొన్నాడు. ఆ ఒక్క శకటమే చివరిదాకా ఆటను నడిపింది.

పదునేడవ ఎత్తులో ఏనుగు బంటు రెండు గళ్ళు నడిచింది. పదునెనిమిదవ ఎత్తులో మరొక గడి నడిచి గుర్రపు బంటును తాకింది. నల్లగుర్రం దానిని కొట్టవచ్చును. కాని అప్పుడు శకటాలు మారిపోతాయి, తెల్లగుర్రపు బంటు వచ్చి నల్లగుర్రాన్ని తరుముతుంది, మంత్రి ఏనుగు వరుసలో చెక్‌తో దూరుతాడు. లార్సెన్ కొట్టలేదు. ఫిషరే కొట్టి వరుస తెరిచాడు. గుర్రపు బంటు రెండు గళ్ళు, మరొక గడి నడిచి నల్లగుర్రాన్ని తరిమింది. ఆ గుర్రం ఏనుగు వరుసలోకి దూకి, తెరచిన ద్వారానికి తానే తలుపుగా నిలిచింది. మామూలు ఆటగాడైతే ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు. ఫిషర్ ఏనుగును ఇచ్చి ఆ గుర్రాన్ని పట్టాడు. నల్లబంటు ఏనుగును కొట్టగానే గుర్రపు వరుసలో కోటగోడ లేకుండా పోయింది. తెల్లబంటు మరొక అడుగు ముందుకు వేసింది. నల్లశకటపు బంటు దానిని కొట్టితే, ఎంతో ముందుగా దాచిపెట్టిన ఆ తెల్లశకటం బాట తెరచుకొని రాజుకు చెక్ అవుతుంది. ఆ తరువాత లార్సెన్ నడిబల్లలో ఎదురుదాడి చేయబోయాడు గాని, ఎత్తుల లెక్క అప్పటికే తప్పింది. 31వ ఎత్తుతో ఓటమి ఒప్పుకున్నాడు. ఫిషర్ ఆ పోటీలోనే గ్రాండ్‌మాస్టర్ అయినాడు. అంతవరకు ఆ వయస్సులో ఆ బిరుదు పొందినవారు లేరు. తన పుస్తకంలో ఈ ఆటను వివరిస్తూ, ఏనుగు వరుస తెరచి వరుసగా బలులిస్తే ఆటకట్టు అవుతుందన్నంత తేలికగా ఈ దాడి కుదిరిపోయిందని ఆయన వ్రాశాడు.

తేలిక అనే మాట విద్యార్థులను కొంత మోసం చేసింది. ఏనుగు బంటును పరుగెత్తించడమే దాడి అనుకున్నవారు చాలామంది ఓడిపోయారు. దాడి ఎంత ఉద్రేకమైనదో దాని వెనుక రక్షణ కూడ అంత జాగ్రత్తగా ఉండాలి. దీనికి 1974లో మాస్కోలో జరిగిన ఆట మంచి నిదర్శనం. అనతోలీ కార్పోవ్, విక్టర్ కోర్చ్‌నోయ్ మధ్య అది రెండవ ఆట. ఆ పోటీలో గెలిచినవారు ఫిషరును ఎదుర్కొనాలి. ఫిషర్ ఆడటానికి రాకపోవడంచేత 1975లో కార్పోవ్ ప్రపంచ ఛాంపియన్ అయినాడు. కనుక ఆ ఆటమీద ఎంత బరువు ఉన్నదో తరువాతనే తెలిసింది.

కార్పోవ్ పదునాలుగవ ఎత్తులో ఏనుగు బంటును బలిపెట్టాడు. గుర్రం దానిని కొట్టగానే గుర్రపు బంటుతో తరిమాడు. ఇంతవరకు అందరూ చేసేదే. పదహారవ ఎత్తులో ఆయన నడిబల్లలోని గుర్రాన్ని వెనుకకు తీశాడు! డ్రాగన్‌లో నల్లవాని ప్రధానాయుధం ఒకటున్నది. మంత్రి శకటపు వరుసలో నిలిచిన ఏనుగును ఇచ్చివేసి, తెల్లరాజు కోటను కాచే గుర్రాన్ని పట్టడం. దానితో తెల్లవాని కోట కూడ బీటలు వారుతుంది. కార్పోవ్ గుర్రం వెనుకకు వచ్చి ఆ గుర్రానికి అండగా నిలిచింది. నల్లవాని బలిదానానికి చోటు లేకుండా పోయింది. ఆ తరువాతనే శకటాలు మార్చి, మంత్రిని ఏనుగు వరుసలోకి దింపాడు. ఇక మిగిలినది ఏనుగు బంటును కాచే నల్లగుర్రం ఒక్కటే. ఒక బంటును, దాని వెంట ఒక ఏనుగును నల్లఏనుగు దారికి ఎరవేసి, ఆ గుర్రాన్ని తొలగించే పని పూర్తి చేశాడు. 27వ ఎత్తుకు ఆట ముగిసింది.

శకటపు బంటును ఒక గడి కాక రెండు గళ్ళు నడిపే దాడి కూడ ఉన్నది. కాక్రేను నాలుగు బంట్ల గోడ ఆ జాతిదే. పిర్త్స్ రక్షణకు ఎదురుగా దీనిని 'ఆస్ట్రియన్ దాడి' అంటారు. ఇందులో రాజు తన వైపుననే కోట కట్టుకోవచ్చును. ఏనుగు బంటుకు బదులు శకటపు వరుస తెరచుకుంటుంది. 1963 డిసెంబరు 30న న్యూయార్కులో, అమెరికా ఛాంపియన్‌షిప్‌లో, ఫిషర్ పాల్ బెంకోతో ఆడిన ఆట ఈ పద్ధతికి ఉదాహరణ. శతాబ్దం క్రిందట కలకత్తాలో వచ్చిన అమరికే దాదాపుగా తిరిగి వచ్చింది. అదే శకటపు బంటు, మంత్రి ముందు అదే శకటం, తెల్లగుర్రాన్ని పట్టి నిలిపిన అదే నల్లశకటం. కాక్రేను ఆ నల్లశకటాన్ని పట్టించుకోలేదు. ఫిషర్ వెంటనే ఏనుగు బంటును ఒక గడి జరిపి, కొడతావా, పోతావా అని దానిని అడిగాడు. బెంకో కొట్టి గుర్రాన్ని తీసుకున్నాడు. ఆ చోటికి తెల్లమంత్రి వచ్చాడు. పందొమ్మిదవ ఎత్తుకు ఫిషర్ మంత్రీ శకటమూ నల్లరాజు ఏనుగు బంటుమీద గురిపెట్టి ఉన్నవి. రాజు బంటును ఒక గడి నెట్టితే శకటం బాట తెరచుకొని ఆటకట్టు బెదిరింపు వస్తుంది. కాని నల్లవాడు శకటపు బంటును రెండు గళ్ళు నడిపి ఆ బాటను మూసివేయగలడు. ఫిషర్ తన ఏనుగును తీసుకుపోయి సరిగా ఆ బంటు ముందర, శత్రువు నోటి దగ్గర పెట్టాడు. ఏనుగు అడ్డుండగా బంటు కదలలేదు. శకటంతో ఏనుగును కొట్టితే రాజు బంటు నడిచి ఆటకట్టు. రెండు ఎత్తుల తరువాత బెంకో విరమించాడు. ఆ ఛాంపియన్‌షిప్‌లో ఫిషర్ ఆడిన పదకొండు ఆటలూ గెలిచాడు.

నల్లపక్షంవారు చేతులు ముడుచుకుని కూర్చున్నారని తలచరాదు. పార్శ్వం మీద దాడి జరిగితే నడిబల్లలో ఎదురుదెబ్బ తీయాలనేది పాత సూత్రం. నడిబల్ల తెరచుకుంటే రాజు కోటమీదకు పంపిన తెల్లబంట్లు వెనుకకు రాలేవు. బంటుకు వెనుకకు నడక లేదు. అందుకే యుగోస్లావ్ దాడిలో తెల్లశకటం నల్లమంత్రి బంటును రెండవ గడి నడవకుండా కాపలా కాస్తుంది. కింగ్స్ ఇండియన్‌లో తెల్లబంటు ముందుకు నడిచి నడిబల్లను పూర్తిగా మూసివేస్తుంది. నడిబల్లను మూయకుండా, అదుపులో పెట్టకుండా ఏనుగు బంటును పరుగెత్తించేవాడు ఇంటి తలుపు తీసిపెట్టి వేటకు పోయినవానితో సమానం. మరొక మందు సూటిగా ఉంటుంది. తెల్లఏనుగు బంటు రెండు గళ్ళు నడవగానే, నల్లఏనుగు బంటు కూడ రెండు గళ్ళు నడిచి దానిని ముఖాముఖిగా ఆపుతుంది. దీనిని అమెరికా గ్రాండ్‌మాస్టర్ ఆండ్రూ సోల్టిస్ పేరుతో పిలుస్తారు. ఇప్పుడు తెల్లవాడు గుర్రపు బంటును కూడ బలిపెట్టితే గాని వరుస తెరచుకోదు. మూడు ఎత్తుల లెక్క తారుమారవుతుంది.

1995లో న్యూయార్కు ప్రపంచ వాణిజ్య కేంద్రంలో గారీ కాస్పరోవ్, భారతీయుడు విశ్వనాథన్ ఆనంద్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం తలపడినప్పుడు, కాస్పరోవ్ నల్లపావులతో నాలుగుసార్లు డ్రాగన్ ఆడాడు. అంత పెద్ద పోటీలో ఆ రక్షణను వాడటం సాహసమని భావించే రోజులవి. రెండు ఆటలు కాస్పరోవ్ గెలిచాడు, రెండు సమమైనవి. తెల్లపావులతో ఆనంద్‌కు వాటిలో ఒక్క గెలుపూ దక్కలేదు. మహేశచంద్రుని శకటానికి ఎదురుగా ఈసారి కూర్చున్నది భారతీయుడు!

2017లో ఆల్ఫాజీరో అనే కంప్యూటర్ ప్రోగ్రాము సంగతి ప్రకటించారు. దానికి ఆట నియమాలు తప్ప మరేమీ నేర్పలేదు. మనుష్యుల ఆటలను చూపలేదు. తనతో తానే ఆడుకుని నేర్చుకున్నది. దాని ఆటలను పరిశీలించి మాథ్యూ శాడ్లర్, నటాషా రేగన్ 2019లో వెలువరించిన గ్రంథంలో ఏనుగు బంటు నడకకు ఒక అధ్యాయమే కేటాయించారు. ఆ యంత్రానికి నల్లకోట ఎదుట వరుసను వెంటనే తెరవాలనే తొందర కూడ లేదు. గుర్రపు బంటు పక్కగా తన ఏనుగు బంటును మరొక అడుగు నడిపించి, నల్లరాజు ముక్కు దగ్గర నల్లగడిలో నాటి, ఇరవై ముప్పై ఎత్తులు అక్కడే ఉంచేది. పార్శ్వ శకటం ఉన్నా, మారిపోయినా రాజుకు ఆ వైపున గాలి ఆడేది కాదు. ఆ గడి 1855లో కాక్రేను గుర్రం జంట చెక్ చెప్పిన గడియే.